పంది పిల్లలకు పప్పు నూక: ఒక పరీక్ష పెట్టండి

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,
పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్.



బోరబండలో దాణా కొట్టు నడుపుకునేవాణ్ని. తవుడు, మక్క రవ్వ, పల్లి చెక్క, సోయా చెక్క, ఉలవలు, పప్పు పొట్టు అమ్ముతాను. గేదెల వాళ్లు, మేకల వాళ్లు, పావురాల వాళ్లు వస్తారు. పందుల వాళ్లు రావడం తక్కువ. వచ్చినా పొద్దు గూకినాక వచ్చి, మెట్టు ఎక్కకుండా రోడ్డు మీదే నిలబడి ధర అడుగుతారు. వాళ్ల తరఫున రాస్తున్నానని గొప్పలు పోను, నన్నెవరూ రాయమనలేదు. దాణా అమ్మేవాడిగా నాకొక సందేహం ఉంది. అది తీర్చగల పశు పోషణ విభాగం మీ దగ్గర ఉంది. ఇలా బహిరంగంగా రాయడం ఎందుకంటే, జవాబు నా ఒక్కడికే వస్తే నా గల్లాపెట్టెకే లాభం.

సందేహం ఇదీ. పాలు మానిన పంది పిల్ల దాణాలో సోయా చెక్క కొంత తగ్గించి, ఆ చోట ఉడికించిన పప్పు నూక ఎంతవరకు వేయవచ్చు? కంది, శనగ, పెసర, ఉలవ, ఏదైనా సరే. పుస్తకంలో ఉన్న అంకె వద్దు. మన మిల్లు నూకతో, మన పందితో, మన పొయ్యి మీద ఉడికించి తేల్చిన లెక్క కావాలి.

మాది సినిమావాళ్ల ఫిల్మ్‌నగర్‌కు మరీ దూరం కాదు. పంది పిల్లకు కూడా ఇక్కడ ఒకసారి స్టార్ హోదా దక్కింది. 2016 నవంబరులో నోట్ల రద్దు రోజుల్లో దర్శకుడు రవిబాబు పంది పిల్లను చంకనేసుకుని ఏటీఎం లైన్లో నిలబడ్డ ఫొటో దేశమంతా తిరిగింది. పంది పిల్లే హీరోగా ఆయన తీసిన సినిమా ‘అదుగో’ పేరుతో 2018 నవంబరులో వచ్చింది. తెర మీద పిల్లను ముద్దు చేసిన జనమే యూసుఫ్‌గూడ మెస్సుల వెనక, కృష్ణానగర్ సందుల్లో ఎంగిలి డ్రమ్ములు ఎత్తుకుపోయే ఆటో ఎదురైతే ముక్కు మూసుకుంటారు. వాసన వాసనే, వాళ్లను తప్పు పట్టను. బస్తీలో పందులు తిరగొద్దన్న మాటా సబబే. నా దగ్గరికి వచ్చే పందుల వాళ్లలో ఎక్కువమంది మందల్ని ఎప్పుడో శివార్లకు తోలేసుకున్నారు. మంద ఊరు దాటింది గానీ దాని తిండి ఇంకా ఊళ్లోంచే పోతోంది.

ఆ తిండి ఎలా ఉంటుందో మూత తీసి చూస్తే తెలుస్తుంది. పైన నూనె తెట్టు. కింద అన్నం, బిర్యానీ మసాలా ముద్ద, నిమ్మ డొప్పలు, కోడి ఎముకలు, టిష్యూ కాగితాలు, పళ్లు కుట్టుకునే పుల్లలు, అప్పుడప్పుడు ఒక స్టీలు చెంచా. 60 కిలోల పంది తనకు కావలసింది ముట్టెతో ఏరుకుంటుంది. 8 కిలోల పిల్లకు ఆ తెలివి ఇంకా రాలేదు. నూనె జుర్రుతుంది, ఉప్పంతా మింగుతుంది. పక్కన నీళ్లు లేకపోతే ఆ ఉప్పే విషమై వణుకుతూ కూలబడుతుంది. నీళ్లున్నా మర్నాడు పారుడు మొదలవుతుంది. తోక కింద వెంట్రుకలు తడిసి అంటుకుపోయి, వెన్ను గూను పోయి, తల్లి దగ్గరికి పోదామంటే తల్లి వేరే దొడ్లో. పందుల వాళ్లు మనిషి మందుల షాపుకు పరిగెత్తి ఏదో ఒక యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపి పోస్తారు. ఆ పిల్ల బతికితే మందు గొప్ప, చస్తే పిల్ల ఖర్మ.

ఎంగిలి తిండితో ఇంకా పెద్ద భయం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. మన దేశంలో 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదట బయటపడింది. మనిషికి రాదు. పందికి వస్తే మందు లేదు. పంది మాంసం కలిసిన ఎంగిలిలో ఆ వైరస్ బతికే ఉంటుంది. అలాంటి తిండిని 90 డిగ్రీల వేడిలో, కలియబెడుతూ, గంటసేపు ఉంచాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ చెబుతుంది. తెల్లారి 4 గంటలకు డ్రమ్ములు దింపి, 7 గంటలకు ఇంకో కూలి పనికి పోయే మనిషి గంటసేపు గరిటె తిప్పుతాడా? 2001లో బ్రిటన్‌ను కుదిపేసిన గాలికుంటు కూడా ఉడికించని హోటల్ తిండి పెట్టిన ఒక పందుల ఫారం దగ్గరే మొదలైందని తేల్చారు. 60 లక్షలకు పైగా జీవాలను చంపాల్సి వచ్చింది. ఆ ఏడాదే అక్కడ పందులకు ఎంగిలి పెట్టడం నిషేధించారు.

అలాంటి నిషేధం ఇక్కడ రేపే పెట్టమని అడగడం లేదు. పంది పెంపకంలో అయ్యే ఖర్చులో నూటికి 70 రూపాయలు తిండిదే. హోటల్ కూడు దాదాపు ఉచితం. దాన్ని లాక్కుంటే మంద అమ్ముకోవాల్సిందే. పెద్ద పందులకు మంచిగా మరిగించి పెట్టుకోనీయండి. నా మాట పిల్ల గురించే, అదీ పాలు మానాక నాలుగైదు వారాల గురించే. పందుల మనిషికి నష్టం వచ్చేది అక్కడే. ఆ వారాలు దాటిన పిల్ల ఏం తినైనా బతుకుతుంది.

మీకు తెలిసిన విషయమే అయినా, ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. తల్లి పాలు తాగినన్నాళ్లూ పిల్ల పొట్ట పాలకే అలవాటు పడి ఉంటుంది. పాలు విరిగి పుల్లబడటంతో కడుపులో ఆమ్లం సరిపోతుంది, చెడ్డ సూక్ష్మజీవులు చావడానికి ఆ పులుపే కాపలా. పాలు మాన్పించగానే పులుపు తగ్గుతుంది. గింజ మాంసకృత్తును ముక్కలు చేసే రసాలు ఇంకా పూర్తిగా ఊరవు. అరగని మాంసకృత్తు కింది పేగులోకి జారుతుంది, అక్కడ ఈ-కోలై దాన్ని పండగ చేసుకుంటుంది. అందుకే పిల్ల దాణాలో మాంసకృత్తు ఎంత ఉందన్నది సగం లెక్కే. అరిగేది ఎంత అన్నది అసలు లెక్క. మన ప్రమాణాల ప్రకారం పిల్ల దాణాలో 20 శాతం, ఎదిగే పందికి 18, అమ్మకానికి వచ్చేదానికి 16 శాతం ఉండాలి. బస్తా మీద 20 అని అచ్చు వేయడం తేలిక.

ఇక్కడ యూరప్ సంగతి పనికొస్తుంది. పాలు మానిన పిల్లల పారుడుకు అక్కడ ఏళ్లపాటు జింక్ ఆక్సైడ్ ఎక్కువ మోతాదులో వాడారు. అది పేడతో పొలాల్లో చేరుతోందని 2022 జూన్ నుంచి ఆపేశారు. మన దేశం 2019లో పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకం నిషేధించింది. మందు తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటుంటే పిల్లను తిండితోనే కాపాడుకోవాలి. యూరప్‌లో బఠాణీ, ఫాబా చిక్కుళ్లు, ఆస్ట్రేలియాలో చేదు తీసేసిన లూపిన్ గింజలు పందుల దాణాలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాళ్ల గింజలు తెచ్చుకోవాల్సిన పని మనకు లేదు. పప్పుగింజలకు మనకేం కరువు?

సోయా మీద నాకు పగ లేదు. నూనె తీసిన సోయా చెక్కలో మాంసకృత్తు 44 నుంచి 48 శాతం, మొక్కజొన్నలో కరువైన లైసిన్ దీంట్లో నిండుగా ఉంటుంది. దాణా వ్యాపారంలో దాన్ని కొట్టే సరుకు లేదు. చిక్కల్లా ధరది. 2021లో ధర నెత్తికెక్కితే కోళ్ల పరిశ్రమ గోల పెట్టింది. ఆ ఆగస్టులో కేంద్రం మొదటిసారి 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి ఒప్పుకుంది. కోళ్ల కంపెనీ ఢిల్లీ దాకా వెళ్లి మాట్లాడగలదు. నా కొట్టు ముందు నిలబడే మనిషి 2 కిలోలు కొనేచోట అరకిలో కొనుక్కుని, మిగతాది తవుడుతో సరిపెడతాడు. తవుడుతో పిల్ల పొట్ట ఉబ్బుతుంది, ఒళ్లు పట్టదు.

అందరూ నన్ను అడిగే ప్రశ్న, “ఉలవలు పెట్టొచ్చు గదా సేటూ?” ఎడ్లకు ఉలవ గుడాలు పెట్టిన ఇళ్లలో పుట్టినవాళ్లు అలాగే అడుగుతారు. ఉలవలో 22 శాతం మాంసకృత్తు ఉంది, లైసిన్ ఉంది, కరువు నేలలో పండుతుంది. పెట్టొచ్చు గానీ పచ్చిగా పెట్టకూడదు. పప్పుగింజ తనను తినేవాళ్ల మీద తాళం వేసుకుని పుడుతుంది. అందులోని ట్రిప్సిన్ నిరోధకాలు మాంసకృత్తును అరగనివ్వవు. లెక్టిన్లు పేగు గోడకు అతుక్కుంటాయి. ఎద్దు తట్టుకుంటుంది, దాని పొట్టలో ముందే పులియబెట్టే గది ఉంది. పంది పిల్లకు మనలాగే ఒకటే పొట్ట. ఉడికించిన సోయా తిన్న ఎలుకలు పచ్చి సోయా తిన్నవాటికంటే బాగా ఎదిగాయని ఆస్‌బోర్న్, మెండెల్ 1917లోనే రాశారు. గుగ్గిళ్లు ఉడికించే మన అవ్వలు ఆ వ్యాసం కోసం ఆగలేదనుకోండి.

రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే చాలావరకు సరిపోతుంది. వేయించితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఎక్కువ మాడితే లైసిన్ కూడా పోతుంది. ఇంకో తిరకాసు నా కళ్లముందే జరుగుతుంటుంది. కిలో ఎండు ఉలవలు ఉడికితే రెండు కిలోలకు పైన తూగుతాయి, అందులో సగానికి మించి నీళ్లే. డబ్బాతో కొలిచి “నాలుగు డబ్బాల పప్పు పెట్టిన” అనుకునేవాడు పెట్టింది నిజానికి రెండు డబ్బాలకు తక్కువ. అందుకే ఉడకకముందే తూచమంటాను. ఎండాకాలంలో పొద్దున ఉడికింది సాయంత్రానికి పులుస్తుంది, అదొక బాధ.

ఇప్పుడు రూపాయల లెక్క. వ్యాపారం చేసేవాడిని గనక ఇది దాచకూడదు. ఉలవలు 22, సోయా చెక్క 46, మొక్కజొన్న 9 శాతం మాంసకృత్తుగా పట్టండి. దాణాలో 20 కిలోల ఉలవలు వేస్తే, మాంసకృత్తు తగ్గకుండా, సుమారు 7 కిలోల సోయా చెక్కను, 13 కిలోల మొక్కజొన్నను తీసేయవచ్చు. సోయా కిలో 45 రూపాయలు, మొక్కజొన్న 23 అనుకుంటే ఆ 20 కిలోల విలువ 614 రూపాయలు. అంటే ఉలవలు కిలో 30 రూపాయల 70 పైసల లోపు దొరికితేనే గిట్టుబాటు. పైగా కట్టెలో గ్యాసో ఖర్చు. మనుషులు తినే మంచి ఉలవలు నా కొట్టులో ఆ ధరకు రావు. కందిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. పప్పు తినడానికే దిగుమతి చేసుకునే దేశంలో మంచి పప్పు పందికి పెట్టమంటే ఎవరైనా తిడతారు, తిట్టాలి కూడా.

అందుకని నా చూపు నూక మీద పడింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. ఆ మిల్లుల్లో 100 కిలోల కందులు ఆడితే 70 కిలోలకు కాస్త అటూ ఇటూగా పప్పు వస్తుంది. మిగిలింది పొట్టు, నూక, పొడి. మూడూ కలిపి చున్నీ పేరుతో బస్తాకెత్తుతారు, పాడి గేదెల వాళ్లు కొనుక్కుపోతారు. గేదెకు పొట్టైనా పర్వాలేదు. పంది పిల్లకు కాదు, దాని దాణాలో పీచు 5 శాతం దాటకూడదంటారు. చున్నీని సన్న జల్లెడ పడితే పొట్టు వేరు, నూక వేరు. ఆ నూక అచ్చంగా పప్పే, ముక్కలైందంతే. పొట్టుతోపాటు ఒగరు కూడా చాలావరకు పోతుంది. ముక్క చిన్నది గనక తొందరగా ఉడుకుతుంది, కట్టె ఖర్చు తగ్గుతుంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది, కంది, శనగ వాళ్ల సొంత పంటలు. గింజ గురించి వాళ్లకు తెలియంది లేదు. పంది గురించి మీకు తెలుసు. మధ్యలో ఈ నూక బస్తా ఎవరిదీ కాకుండా పడి ఉంది.

నూకలో రెండు లోపాలున్నాయి. ఒకటి మెథియోనిన్ తక్కువ, పప్పుజాతి అన్నిటికీ ఉన్న జబ్బే. కోళ్ల దాణాలో కలిపే మెథియోనిన్ పొడి హైదరాబాదులో దొరుకుతుంది గానీ చిటికెడు చిటికెడుగా ఎవరూ అమ్మరు. మొక్కజొన్న, తవుడు కొంత సర్దుతాయి, ఎంత సర్దుతాయో మీరు చెప్పాలి. రెండోది బూజు. విరిగిన గింజకు తేమ తగిలితే ఊరుకోదు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లను చంపిన అఫ్లాటాక్సిన్ పల్లి చెక్క బూజులోంచే వచ్చింది, పంది పిల్ల కూడా దానికి సుకుమారమే. ఉడికించినా ఆ విషం పోదు. పుచ్చు నూక పంపి “పందులకే గదా” అనే మిల్లు మనుషులు ఉన్నారు. అలాంటి బస్తా నేను దింపుకోను.

ఒక పిల్ల రోజుకు అరకిలో తింటుందనుకుంటే, 8 పిల్లల ఈతకు నెలకు 120 కిలోల దాణా. అందులో నూక 20 శాతమైతే 24 కిలోలు. ఒక్క బస్తాలో సగం! దీనికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు. 2019 పశుగణనలో దేశంలో 90 లక్షల పందులు తేలాయి, అంతకుముందు లెక్కకంటే 12 శాతం తక్కువ. అయినా పథకాలకు కొదవ లేదు. జాతీయ పశుసంపద మిషన్ కింద 100 తల్లి పందుల ఫారం పెట్టేవాడికి 30 లక్షల దాకా రాయితీ ఉంది. మన రాష్ట్రంలో 2023లో పందులు పెంచే ఎరుకల వాళ్లకు సాధికారత పథకం అన్నారు. రెండూ మంచివే. షెడ్డుకు డబ్బు వస్తుంది, బ్యాంకు కాగితం వస్తుంది. పాలు మానిన మర్నాడు పిల్ల ముందు ఏం పెట్టాలన్న కాగితం మాత్రం ఎవరి చేతిలోనూ నేను చూడలేదు. నాలుగు తల్లి పందులున్న ఇంటికి ఆ కాగితమే పథకం.

కాబట్టి పరీక్ష ఇలా ఉంటే బాగుంటుందని నా మనవి, తప్పులుంటే దిద్దుకోండి. నూక 10 శాతం, 20 శాతం, 30 శాతం వేసి చూడండి, ఒక జట్టుకు పూర్తిగా సోయా. ఒకే నూక కాకుండా కంది వేరు, శనగ వేరు, ఉలవ వేరు. నల్ల నాటు పిల్లల్నీ, సంకర పిల్లల్నీ రెంటినీ పెట్టండి. తిరుపతిలో తయారైన టి-17 లాంటి పందిలో 75 శాతం యార్క్‌షైర్ రక్తం, దాని ఆకలి నాటు పందికి ఉండదు. వాటి మీద వచ్చిన అంకె వీటికి సరిపోతుందని నమ్మకం ఏమిటి? బరువుతోపాటు పారుడు ఎన్ని రోజులు ఉందో రాయండి, మా వాళ్లు అడిగేది ముందు అదే. మీ ఆవిరి యంత్రంలో కాకుండా ఒక జట్టు దాణానైనా మూడు రాళ్ల పొయ్యి మీద, అల్యూమినియం డేగిసాలో ఉడికించండి.

ఇంకొక చిన్న కోరిక. సోయా సరిగ్గా ఉడికిందో లేదో చూడటానికి యూరియేజ్ పరీక్ష ఉంది, చవక. ఉలవలోనూ యూరియేజ్ దండిగా ఉంటుందని కాలేజీ ల్యాబుల్లో దాన్నే వాడతారు. మరి ఉలవకు అదే పరీక్ష చేసి, రంగు మారితే పచ్చి, మారకపోతే ఉడికింది అని కొట్టులోనే చెప్పేయవచ్చా? ఉలవకు కుదిరినా కంది నూకకు కుదురుతుందా? కుదరకపోతే ఎన్ని నిమిషాలు మరిగించాలో గడియారం లెక్కైనా ఇవ్వండి.

ఫలితం ఏదొచ్చినా తెలుగులో ఒక్క పేజీ వేయండి. నూక పనికిరాదని తేలితే అదీ వేయండి, నేను జల్లెడ కొనకుండా ఆగిపోతాను. పేజీలో కిలోల లెక్కతోపాటు డబ్బా లెక్క కూడా ఉండాలి. తూకం లేని ఇళ్లే ఎక్కువ. నా కొట్టు గోడకు అంటిస్తాను, మలక్‌పేట గంజ్‌లో తెలిసిన దుకాణాలకూ ఇస్తాను.

పరీక్షకు కావలసిన సరుకు నా ఖర్చుతో రాజేంద్రనగర్ పంపిస్తాను. కంది నూక రెండు బస్తాలు, శనగ నూక ఒకటి, ఉలవ జల్లెడ పట్టగా దిగిన ముక్క ఒకటి. ఏ రోజు మిల్లు ఆడిందో బస్తా మీద రాసి ఉంటుంది. వానలు పడకముందే తెప్పించుకుంటే మంచిది, ఆ తర్వాత ఎక్కే తేమతో మీ లెక్కలు తారుమారవుతాయి. ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున 9 లోపు ఆటో ఎక్కించగలను. ఆ తర్వాత ఎర్రగడ్డ దగ్గర ట్రాఫిక్ మీకు తెలిసిందే.

ఇట్లు,
బోరబండ దాణా కొట్టు వ్యాపారి